అగ్గిపెట్టెల మీది చీటీలు

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మా మేడమ్ ఖాళీ అగ్గిపెట్టెను పారేయనిచ్చేది కాదు. కాలేజీ వాచ్‌మన్ బీడీ ముట్టించుకుంటుంటే, ఆ పెట్టెలో ఇంకెన్ని పుల్లలు మిగిలాయో అని నేను చూసేదాన్ని. టీ అంగట్లో, చర్చి విందు వంటల దగ్గర, ఎక్కడ ఖాళీ పెట్టె దొరికినా కొంగున కట్టుకుని వచ్చేదాన్ని. లోపలి అరలో తెల్లకాగితం పరచి, ఎండిన బూజు ముక్కను చుక్క జిగురుతో నిలబెట్టి, పైన పేరు రాసిన చీటీ అంటిస్తే అది ఏళ్ల తరబడి చెడదు. "జిగురుబూజుకు ఇంతకన్నా మంచి ఇల్లు లేదమ్మా, పెద్ద పెద్ద ఊళ్లల్లో కూడా ఇట్లనే పెడతారు" అనేది మేడమ్.

నేను మేడమ్ ల్యాబు గదిలో అటెండరును. మా ఊరి బంగారు గనులు మూతపడిన రెండో ఏడు చేరాను. నా భర్త గనిలో టింబరు పని చేసేవాడు, అంటే సొరంగం కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. గని మూసేశాక అతను తెల్లవారే రైలెక్కి బెంగళూరు పోయి, ఏదో ఆఫీసు గేటు దగ్గర యూనిఫారం వేసుకుని కూర్చుని, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాడు. మా లైన్లలో, అంటే గని కూలీల ఇళ్ల వరుసల్లో, సగం మంది మగవాళ్లు అట్లాగే పోయి వచ్చేవాళ్లు. కాలేజీలో పని ఉందని చర్చిలో ఎవరో చెబితే నేను పోయాను.

"ఎంతవరకు చదివినావు?" అని గుమాస్తా అడిగాడు.

"ఏడో క్లాసు" అన్నాను.

నేను బడి గడప తొక్కలేదు. కానీ సంతకం వచ్చు. పోవడానికి ముందు మూడు సాయంత్రాలు నా భర్త గచ్చు మీద సుద్దతో రాసి చూపిస్తే, ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తిప్పాలో చేతికి తెలుసు, అందులో ఏ అక్షరం ఏదో నాకు తెలియదు. గుమాస్తా చూసి "గుండ్రంగా ఉండాదే చేవ్రాలు" అన్నాడు. ఆ మాటకు సంతోషపడ్డాను కూడా.

అంకెలు మాత్రం తెలుసు. గని ఇంట్లో పెరిగినవాళ్లకు అంకెలు రాకుండా ఉండవు. మా నాయనకు ఒక బిళ్ళ ఉండేది, తర్వాత నా భర్తకు ఒకటి. ఇత్తడి బిళ్ళ మీద నంబరు కొట్టి ఉంటుంది. కిందికి దిగేవాడు బిళ్ళ తీసుకుపోతాడు, పైకి వచ్చాక గనిలోకి దిగే షాఫ్టు దగ్గరి పలక మీద తన మేకుకు తానే తగిలిస్తాడు. షిఫ్టు అయిపోయాక ఏ మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క, అతన్ని వెతకడానికి దిగుతారు. ఇంకొకడి బిళ్ళను ముట్టడం మా వాళ్లలో దొంగతనం కంటే పెద్ద తప్పు. "వాడి మేకుకు నువ్వు బిళ్ళ తగిలిస్తే వాణ్ణెవరు వెతుకుతారే?" అని మా నాయన చిన్నప్పుడు నన్ను కోప్పడ్డాడు, ఆటకు ఆయన బిళ్ళను ఇంకొకడి మేకుకు తగిలించినందుకు. ఆ మాట నాకు ఎన్నడూ మరుపు రాలేదు. అయినా నేను చేసింది చేశాను.

మేడమ్‌ది కోలారులో పంతుళ్ల కుటుంబం. తెలుగిల్లు. ఆమె గదిలో ఒక చెక్క బీరువా, దానికి మూడు అరలు. పై అరలో నిజమైన బూజుల జాతి, అంటే శిలీంధ్రాలు. నడిమి అరలో జిగురుబూజులు. కింది అరలో సీసాల్లో నీటిబూజులు. పనిలో చేరిన మొదటి వారంలోనే ఆ అరల తేడా నాకు చెప్పింది.

"చూడమ్మా, బూజులాగా కనపడేదంతా బూజు కాదు. నడిమి అరలోనివి పైవాటికి ఏమీ కావు. పోలిక ఉండాది, అంతే. ఇవి చిన్నప్పుడు పాకుతాయి, కుళ్లినదాంట్లో ఉండే క్రిముల్ని మింగుతాయి. తిండి అయిపోయినాక నిలబడి ఎండి, పొడి అయిపోతాయి. అప్పుడు చూసినవాళ్లు ఇది కూడా బూజే అనుకుంటారు."

"మరి కిందివి?"

"వాటికి దారాలుంటాయి, బూజుకున్నట్టే. కానీ ఆ దారం గోడ చెట్లకుండే పదార్థంతో కట్టుకుంటాయి. నీళ్లలోని పాచికి దగ్గరి చుట్టాలు."

నాకు నమ్మకం కుదరలేదు. పాకుతుంది అన్నప్పుడు నవ్వొచ్చింది. ఆమె ఒక గాజు పళ్లెంలో పసుపు రంగు జిగురును పెట్టి, రెండు వేళ్ల దూరంలో ఓట్సు గింజలు పెట్టి, ఇప్పుడెక్కడుందో అద్దం మీద గీత గీయమంది. మరునాడు పొద్దున గది ఊడ్చడానికి వచ్చి చూస్తే అది గీత దాటి గింజల మీద చెయ్యి వేసినట్టు పరచుకుని ఉంది. దాని పేరు ఫైసారమ్. ఆ రోజు నుంచి నేను ఆ బీరువాకు దాసురాలినైపోయాను.

పేర్లు చెవితో నేర్చుకున్నాను. చర్చిలో పాటలు నేర్చుకున్నట్టే. సయాథస్ అంటే పిట్టగూడు. వేలి గోరంత గిన్నె, అందులో నల్లటి గుడ్లు నాలుగైదు. వాన చినుకు గిన్నెలో పడితే గుడ్డు ఎగిరి దూరంగా పడుతుంది, పొదగడానికి తల్లి అక్కర్లేదు. పైలోబోలస్ పేడ మీద పుడుతుంది. గాజు కడ్డీలాంటి ఒంటి మీద నల్ల టోపీ, పొద్దున వెలుతురు ఎటుంటే అటు ఆ టోపీని విసిరేస్తుంది. పేడకుప్ప దగ్గర పెరిగినదాన్ని, ఎన్నడూ చూడలేదు. పుట్టకొక్కులు ఏరుకుని కూర చేసుకోవడమే తెలుసు మాకు. పుట్ట మీదే గొడుగు విప్పకుండా నిలబడి, లోపలంతా నల్ల పొడి అయ్యే పొడాక్సిస్‌ను మా అమ్మ "దయ్యం కొక్కు" అని కాలితో తన్నేది. చచ్చిన మనిషి వేళ్లలా చెక్కలోనుంచి పైకొచ్చే నల్లటి జైలేరియా, నీళ్లలో చచ్చిన ఈగ చుట్టూ తెల్లటి దూది కట్టే సాప్రోలెగ్నియా, ఊపిరి తగిలితే ఊగే గులాబీ రంగు ఆర్సీరియా. ఇవన్నీ నాకు మనుషుల్లాగా తెలుసు. ఎవరెక్కడ కూర్చుంటారో కూడా తెలుసు. కాబట్టి "ఆ ఆర్సీరియా తీసుకురామ్మా" అంటే చటుక్కున తెచ్చిచ్చేదాన్ని. చీటీ చదివే తెస్తున్నానని మేడమ్ అనుకునేది. కొత్తగా వచ్చిన పిల్లలతో "ఆమెకు మీకంటే బాగా వచ్చు" అనేది. నేను కాదనలేదు. పని లేనప్పుడు పేపరు ముందేసుకుని కూర్చునేదాన్ని కూడా. బొమ్మల్లో మనుషుల తలలు పైకి ఉండేట్టు పట్టుకుంటే పేపరు తలకిందులవుతుందన్న భయం లేదు.

అట్లా మూడేళ్లు గడిచాక ఆ అమ్మాయి వచ్చింది.

కామసముద్రం వైపు అమ్మాయి. వాళ్లది టమాటా తోట. డిగ్రీ ఆఖరు ఏడు. ఒక ఏడాది వాళ్ల తోట మొత్తం అంగమారి తెగులు తగిలి వారంలో నల్లగా ఉడికినట్టయి పోయిందట. వాళ్ల నాయన బూజు మందు కొట్టి, ఇంకోసారి కొట్టి, ఇంగ చేతకాక తోటలో కూర్చుండిపోయాడట. ఆ అంగమారి కింది అరలోని నీటిబూజుల చుట్టమని, బూజే కాదని, అందుకే ఆ మందు దాన్ని ముట్టలేదని మేడమ్ క్లాసులో చెప్పిన రోజు ఆ అమ్మాయి సాయంత్రం బస్సు పోగొట్టుకుని గదిలోనే నిలబడిపోయింది.

"మేడమ్, ఈ మాట మా నాయనకు ఒకరు చెప్పింటే సాలుండె" అంది.

ఆమె ప్రాజెక్టుకు ఎంచుకున్నది, మన ప్రాంతంలో ఎవరూ పట్టించుకోని బూజులు, బూజులు కాని బూజులు. ఎండాకాలం తప్ప ఏడాదంతా ఏరింది. మా ఆయన కూడా సాయం చేశాడు. మూసేసిన షాఫ్టు పక్కన పారేసిన పాత దుంగలు ఎక్కడున్నాయో చూపించాడు. "కింద చీకట్లో ఈ చెక్కల మీద తెల్లగా గడ్డం మాదిరి పెరుగుతుండె పాపా, మేము దీపం పెట్టి చూసి నవ్వుకుంటా ఉంటిమి, ముసలోడు వచ్చినాడని" అని చెప్పాడు. ఆ దుంగల మీద ఆమెకు దొరికినవి రెండు. బఠాణీ గింజంత గుండ్రటివి, లోపలంతా పొడి. ఒకటి లైకోగాలా, జిగురుబూజు. పుట్టినప్పుడు గులాబీ రంగు పేస్టులా ఉంటుంది, ముదిరితే బూడిదరంగు ఉండ. రెండోది లైకోపెర్డాన్, నిజమైన శిలీంధ్రం, పొడి గొడుగు. ఎండినాక రెండూ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. మైక్రోస్కోపులో చూస్తే తప్ప తెలియదు. దాంట్లో ముడతలు పడిన గొట్టాలు, దీంట్లో సన్నటి దారాలు.

ఆ రెండూ ఆమెకు ప్రాణం. బూజుకూ బూజుకానిదానికీ తేడా ఒకే చెక్క మీద దొరికింది కదా. ఎన్ని రోజులు కంటికి మైక్రోస్కోపు అంటించుకుని గీసిందో. నాకు కూడా చూపించింది. "చూడక్కా, ఈడ ముడతలు కనపడతాండాయా?" నాకు ఏమీ కనపడలేదు, నా కనురెప్పే కనపడింది. "కనపడతాండాయమ్మా" అన్నాను. పై చదువుకు వ్యవసాయం కాలేజీలో చేరాలని ఆమె కోరిక. ప్రాజెక్టు బాగా వస్తే తానే ఉత్తరం రాసి పంపిస్తానని మేడమ్ మాటిచ్చింది.

దసరా సెలవుల్లో వాన పట్టింది. మన వైపు వాన రాదు, వస్తే ఆగదు. సెలవుల చివరి రోజు ఊడ్చడానికి తాళం తీసి చూస్తే గది కప్పులోంచి నీళ్లు కారి, బీరువా పైభాగం నాని, ఆ అమ్మాయి పెట్టెలున్న ట్రేలో నీళ్లు నిలిచి ఉన్నాయి. జిగురు కరిగి చీటీలన్నీ ఊడి నీళ్ల మీద తేలుతున్నాయి. పెట్టెలు పైపైన నానినా లోపలి సరుకు అదృష్టవశాత్తు తడవలేదు. కానీ నలభై పెట్టెలూ ఒకేలాగున్నాయి, అన్నిటి మీదా అదే బొమ్మ.

వాళ్లిద్దరూ వచ్చేదాకా ఆగి ఉంటే చాలు. మేడమ్ మరునాడు పొద్దునే వస్తుంది. ఆ అమ్మాయి పదింటి బస్సుకు వస్తుంది. ప్రతి చీటీ మీద నంబరు ఉంది, ఆ నంబరు రిజిస్టరులో ఉంది, ఎదురుగా అదెట్లా ఉంటుందో, ఎక్కడ దొరికిందో రాసి ఉంది. ముగ్గురం కూర్చుంటే పూట పని. కానీ మేడమ్ రాగానే ఏమంటుందో నాకు తెలుసు. "నువ్వు చీటీలు చదువుతా ఉండు, నేను చూసి పెడతా" అంటుంది.

చీటీలు పేపరు మీద ఆరేశాను. ఆరాక మైదా ఉడికించిన జిగురుతో నాకు నేనే అంటించాను. పేర్ల ఆకారం కొంత గుర్తు. పొడుగు పేరేదో, పొట్టి పేరేదో, తోక ఉన్న అక్షరం దేని మీద ఉండేదో. ఏ పెట్టె ఏ వరుసలో ఉండేదో కొంత గుర్తు. పిట్టగూడు తప్పలేదు, చచ్చిన వేళ్లు తప్పలేదు. వెంట్రుకల కుచ్చులాంటివి రెండున్నాయి, అక్కడ కొంచెం తడబడ్డాను. చివరికి రెండు గుండ్రటి ఉండలు మిగిలాయి, రెండు చీటీలు మిగిలాయి. రెండు పేర్లూ ఒకే రకంగా మొదలవుతున్నాయి. కొంచెం పెద్ద ఉండకు ఒకటి, చిన్నదానికి ఒకటి అంటించేశాను. ఎందుకట్లా అంటే, కారణమేమీ లేదు. చేతులు తుడుచుకుని గది ఊడ్చాను. మరునాడు మేడమ్ వచ్చి కప్పు చూసి "అయ్యో, పెట్టెలు తడిసినాయా?" అంది. "లేదు మేడమ్, ముందే పక్కకు జరిపినాను" అన్నాను. ఆమె నా భుజం తట్టింది.

పరీక్షకు పది రోజుల ముందు ఆ అమ్మాయి బొమ్మలన్నీ మరోసారి సరిచూసుకుంటోంది. మధ్యాహ్నం. మేడమ్ లేదు. నేను గాజు పలకలు కడుగుతున్నాను.

"అక్కా."

"ఏమమ్మా?"

"ఈ పెట్టెలెవరైనా ముట్టినారా?"

నీళ్ల కుళాయి అట్లాగే పారుతోంది. నేను వెనక్కి తిరగలేదు.

"ఎవరు ముడతారు? తాళం చెవి నా దగ్గర కదా ఉండేది. ఏమిటికి?"

"ఏం లేదు. లైకోగాలా గీసినాను కదా, ఇప్పుడు చూస్తే అట్ల లేదు. ముడతలు కనపడలే. దారాలుండాయి."

"నీకు కండ్లు అలసిపోయినాయిలేమ్మా. పొద్దున్నుంచి చూస్తాండావు."

"ఒకవేళ సెలవుల్లో…"

"నేనుండగా ఎవరూ ముట్టలేదంటి కదా."

తర్వాత రబ్బరు రుద్దుతున్న చప్పుడు వినపడింది. మెత్తటి చప్పుడే. ఇవాళ కూడా పిల్లలెవరైనా పక్కన కూర్చుని నోటుబుక్కులో రబ్బరుతో రుద్దితే నేను లేచి వెళ్లిపోతాను.

సరిగ్గా గీసిన బొమ్మను చెరిపేసి, తప్పు పెట్టెను చూసి తప్పు బొమ్మ గీసింది ఆ అమ్మాయి. రెండు పేజీలూ మార్చింది. నా మాట నమ్మి.

పరీక్షకు బయటి ఊరినుంచి ఒక సారు వచ్చాడు. పెద్దవాడు, మెల్లగా మాట్లాడేవాడు. టీ ఇవ్వడానికి నేను గదిలోనే ఉన్నాను. ఆయన ఎన్నో పెట్టెలుండగా ఆ రెండే తీశాడు. చూశాడు, రికార్డు చూశాడు, మళ్లీ చూశాడు.

"ఏమ్మా, ఇది లైకోగాలానా?"

"అవును సార్."

"నీ ప్రాజెక్టే శిలీంధ్రానికీ, శిలీంధ్రం కానిదానికీ తేడా గురించి. ఆ తేడానే నీకు తెలియలేదు. ఒకదాని పేరు ఇంకొకదానికి పెట్టినావు." రికార్డు పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. "కింద రుద్దిన గీతలు కనపడతాండాయి. ముందు సరైన బొమ్మే ఉన్నట్టుంది. అది ఏ పుస్తకంలోంచి దించినావు?"

"దించలేదు సార్. చూసి గీసినాను."

"చూసి గీసినదాన్ని ఏమిటికి చెరిపినావు?"

ఆ అమ్మాయి నోరు తెరిచింది. ఆమె చూపు నా వైపు తిరిగింది. నన్ను అనుమానించి కాదు. అలవాటుగా, ఇంట్లోవాళ్ల వైపు చూసినట్టు చూసింది. నేను ట్రేలో గ్లాసులు సర్దుకుంటున్నాను. వెంట్రుకల కుచ్చుల జత కూడా తారుమారైందని ఆయన గమనించాడు, కానీ అవి రెండూ ఒకే వంశంవి, చిన్న తప్పని వదిలేశాడు.

సారు వెళ్లాక మేడమ్ గట్టిగా అరవను కూడా లేదు. "నా గదిలో ఇరవై ఏండ్లలో ఎవరూ దొంగబొమ్మ గీయలేదు" అంది. అంతే. ఆ అమ్మాయి రికార్డు ఎదకు పట్టుకుని బస్సుకు పోయింది. పాస్ అయింది, కిందామీదా పడి. మేడమ్ ఉత్తరం రాయలేదు. వ్యవసాయం కాలేజీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ రాత్రి నా భర్తకు చెప్పాను. అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "బిళ్ళ మార్చినావన్న మాట" అన్నాడు. మళ్లీ అన్నం కలుపుకున్నాడు. అతను తిట్టి ఉంటే బాగుండేది.

నాకు అక్షరాలు వస్తే చెప్పేస్తాను, అని నాకు నేను చెప్పుకున్నాను. చదువు వచ్చాక చెబితే, అప్పట్లో రాదు కాబట్టి అట్లా జరిగింది అనొచ్చు. అది తెలివైన వాయిదా. మా లైనులో చివరింట్లో ఒక పెద్దమ్మ ఉండేది, చర్చిలో వాక్యం చదివే మనిషి. ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాను.

"యాభై దగ్గరపడినాక అ ఆ లా? ఏమిటికే, సమాధి రాయి మీద నీ పేరు తప్పు రాసినారేమో చూసుకునేదానికా?"

"అవును పెద్దమ్మా, లేచి వచ్చి సరిదిద్దుతా."

నవ్వి పలక తీసింది. ఏడాదిన్నర పట్టింది నాకు. ఎదురుగా ఉన్న అక్షరం తెలుస్తుంది, దాని పక్కది చేరేసరికి మొదటిది జారిపోతుంది. వాక్యం మొదటిసారి తడుముకోకుండా చదివిన రోజు పెద్దమ్మ ఏడ్చింది, నేను ఏడవలేదు. చెప్పాల్సిన రోజు వచ్చేసిందని భయం పట్టుకుంది నాకు. అప్పుడింకో వాయిదా దొరికింది. చీటీలు ఇంగ్లీషులో ఉన్నాయి కదా, అవి కూడా నేర్చుకున్నాక, అని. రైలు స్టేషన్ బోర్డుల మీద, మందు డబ్బాల మీద చూసి చూసి ఆ అక్షరాలు కూడా వచ్చాయి. ఒక రోజు గదిలో ఒక్కదాన్నే ఉండగా రిజిస్టరు తీసి, రెండు గుండ్రటి ఉండల నంబర్లు వెతికి, ఎదురుగా ఉన్నది ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. పరిమాణం రాసి ఉంది. చిన్నది లైకోపెర్డాన్, పెద్దది లైకోగాలా. నేను అంటించింది తలకిందులు. తెలిసిన సంగతే. అయినా మళ్లీ మొదటి అక్షరం నుంచి కూడబలుక్కున్నాను.

అప్పుడు కూడా చెప్పలేదు. మేడమ్ రిటైరై కోలారు వెళ్లిపోయింది. వీడ్కోలు రోజు పూలమాల నేనే అందించాను. "నా పెట్టెలు జాగ్రత్తమ్మా, నువ్వుండావనే ధైర్యం" అంది.

ఆ తర్వాత గదిలో కంప్యూటర్లు పెట్టాలని బీరువా ఖాళీ చేశారు. పెట్టెలన్నీ గోతాంలో పోసి చెత్తకు వేయమని నాకే చెప్పారు. పిట్టగూళ్లు, చచ్చిన వేళ్లు, ఆర్సీరియాలు అన్నీ పోశాను. ఆ రెండు పెట్టెలు మాత్రం రైక లోపల పెట్టుకుని ఇంటికి తెచ్చాను. పాత చీటీలు నీళ్లతో తడిపి తీసేసి, కొత్తవి కోసి, తెలుగులో రాసి అంటించాను. ఈసారి ఏది ఏదో తెలుసుకునే.

ఆ అమ్మాయి కోలారు పక్కన తమక అనే ఊళ్లో ఉందని కామసముద్రం నుంచి చర్చికి వచ్చే ఒకామె ద్వారా తెలిసింది. ఊళ్లల్లోంచి వచ్చే పాలను పరీక్షచేసే చోట పనిచేస్తోందట. పోయాను. అక్కడ వాకిట్లో సిమెంటు అరుగు ఉంది, దాని మీద కూర్చోబెట్టారు. ఆమె తెల్లకోటు వేసుకుని, చేతిలో సీసాతో బయటికొచ్చింది. సీసా మీది చీటీని చదివి, లోపలికి పోబోతూ మళ్లీ ఆగి, ఇంకోసారి చదివి, అప్పుడు నా వైపు చూసింది.

"అక్కా! నువ్వా? యాడ వచ్చినావు ఇంత దూరం?"

రెండు పెట్టెలు అరుగు మీద పెట్టాను. దారంతా కూర్చుకున్న మాటలు ఉన్నాయి నా దగ్గర. అప్పుడు నాకు చదువు రాదమ్మా, ఏడో క్లాసని అబద్ధం చెప్పి చేరినాను, చీటీలు తడిసినాయి, భయపడినాను, అని వరసగా. అవన్నీ చెప్పాను. ఆమె పెట్టెల మీది నా రాత చూసింది. కన్నడం చదివినవాళ్లకు మా అక్షరం కష్టం కాదు. రెండు పేర్లూ పెదవులతో చదివింది. చదివాక రెండు పెట్టెలూ తీసుకుని లోపలికి పోయింది.

లోపల మైక్రోస్కోపు ఉంటుందని నాకు తట్టలేదు. ఎండ అరుగు మీదికి వచ్చింది. నేను పక్కకు జరగలేదు. పాలవ్యాను ఒకటి వచ్చి, క్యాన్లు దించి పోయింది. చాలాసేపటికి ఆమె బయటికొచ్చింది. వేలి చివర బూడిదరంగు పొడి అంటుకుని ఉంది.

"ముడతలుండాయి" అంది.

నేను తలొంచుకున్నాను.

"నేను గీసింది సరిగ్గానే ఉన్నింది అయితే."

"సరిగ్గానే ఉన్నిందమ్మా."

"నాకు కండ్లు సరిలేవనుకున్నా అక్కా, ఇన్నేండ్లూ. ఈడ ప్రతి సీసా రెండు తూర్లు చదువుతా. నవ్వుతారు వీళ్లు." ఆమె గొంతులో కోపం లేదు. అది వస్తుందేమో అని నేను కాచుకుని కూర్చున్నాను. "నీకెప్పుడు తెలిసింది ఇది?"

ఇక్కడే నేను చెప్పదలచుకున్న జవాబు ఉండేది. చదువు వచ్చాక, రిజిస్టరు చూశాక తెలిసింది, అని. అది అబద్ధం కూడా కాదు, పూర్తిగా.

"నువ్వు అడిగిన రోజే తెలుసు" అన్నాను.

ఆమె నా పక్కన, కొంచెం ఎడంగా కూర్చుంది.

"చదువు రాకపోతే ఏమిప్పుడు, మా అమ్మకూ రాదు. నేనడిగిందానికి చదువు కావాల్నా అక్కా? ఎవరైనా ముట్టినారా అంటి. అంతే కదా అడిగింది."

సిగ్గుపడాల్సింది దేనికో, ఇన్నేళ్లూ ఇంకొకదానికి సిగ్గుపడుతూ వచ్చాను. చదువురాని సిగ్గును ముందు నిలబెట్టి, దాని వెనక రెండోదాన్ని దాచుకున్నాను. రెండూ పైకి ఒకేలాగుంటాయి.

ఆమె లేచి లోపలికి పోయి ఒక తెల్లకాగితం, పెన్ను, కింద పెట్టుకోవడానికి అట్ట తెచ్చింది.

"రాసేది వచ్చింది కదా. మేడమ్‌కు రాయి. ఈడనే, నా ముందరే. అడ్రసు నాకు తెలుసు."

రాయడం మొదలుపెట్టాను. ఆమె పక్కనే నిలబడి ఒక్కో మాటా చదువుతోంది. 'చీటీలు నేనే మార్చాను' అన్న చోట ఒక అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయింది, ఎంతసేపటికీ గుర్తుకు రాలేదు. ఆమెకు అది తెలుసు. చెప్పలేదు. నేను అడగలేదు. ఎండలో కూర్చుని వెతుక్కుని, వెతుక్కుని, చివరికి రాశాను. ఆ అమ్మాయి ముందు గీసిన బొమ్మ సరైనదని, చూసే గీసిందని, నేను ఎవరూ ముట్టలేదని చెప్పబట్టే చెరిపిందని, మూడు వాక్యాలకు అరగంట పైన పట్టింది.

"ఇంగ సంతకం పెట్టు" అంది.

సంతకం మాత్రం వేగంగా పెట్టాను. అది నాకు అక్షరాలు రాకముందు నుంచీ వచ్చు.